గౌరవ వేతనం

బుచ్చమ్మను పక్కకు తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కాశమ్మ ఒక్కతే తిప్పేది. మంచం పట్టె మీద మోకాలు ఆనించి, రోగి భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి, "ఒక్క నిమిషం ఓర్సుకో బుచ్చక్కా, అయిపాయె, అయిపాయె" అంటూ తన వైపు లాక్కునేది. అప్పుడు కనబడేది వీపు కింద పుండు. అరచేయంత ఉంది.

పాస్టర్ ప్రేమ్‌రాజ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ధూల్‌పేట్ సందులో ఆ ఇల్లు ఒకటే గది. రోగి మంచం పోగా మిగిలిన చోట మనిషి నిలబడితే ఇంకో మనిషి కదలలేడు. చోటు లేదన్నది ఒక కారణం. పుండు వాసన ఇంకో కారణం. కాశమ్మ గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి పిండి, రుద్దకుండా అద్దుతూ పోయింది. అద్దినప్పుడల్లా బుచ్చమ్మ కాలి వేళ్లు ముడుచుకునేవి. కాశమ్మ ఆ వేళ్లనే చూస్తూ, అవి ముడుచుకుంటే చెయ్యి ఎత్తేది, వదులైతే మళ్లీ అద్దేది. దుప్పటి మార్చింది. గోళ్లు తీసింది. తల దువ్వి సన్నగా జడ అల్లింది. ముప్పావు గంట పట్టింది.

అంతా అయ్యాక "రాండ్రి అయ్యగారు" అని పిలిచింది. ప్రేమ్‌రాజ్ లోపలికొచ్చి వాక్యం చదివాడు, ప్రార్థన చేశాడు. పది నిమిషాలు. బుచ్చమ్మ భర్త ఎల్లప్ప, మున్సిపాలిటీలో సఫాయి పని చేసి రిటైరైన మనిషి, కళ్లు తుడుచుకుని మడిచిన రెండు వందల నోటు పాస్టర్ చేతిలో పెట్టాడు. కాశమ్మకు చాయ్ ఇచ్చాడు. ఆమె నిలబడే తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించింది.

ఆమె ప్రేమ్‌రాజ్ చర్చి సంఘంలో బైబిల్ స్త్రీ. రోగులున్న ఇళ్లకూ, బాలింతలున్న ఇళ్లకూ, చావు ఇళ్లకూ పోవడం ఆమె పని. చచ్చిపోయిన ఆడవాళ్లకు స్నానం చేయించి, బట్ట కట్టి పెట్టెలో పడుకోబెట్టేది కూడా ఆమే. ఇరవై ఆరేళ్లుగా చేస్తోంది.

సందు మొదట్లో స్కూటర్ దగ్గర ప్రేమ్‌రాజ్ జేబులోంచి వంద నోటు తీశాడు. "తీసుకోండి కాశమ్మక్కా."

"పెట్రోల్‌కు ఉంచుకోండ్రి అయ్యగారు" అని ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు ఒకటో తారీఖు వస్తది గదా."

ఆ నోటు మళ్లీ జేబులో పెట్టుకోవడం అంత తేలికగా ఎందుకు జరిగిందో ప్రేమ్‌రాజ్‌కు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే సంఘ కమిటీ కూర్చుంది. పాస్టరే అధ్యక్షుడు. అయితే పాస్టర్ జీతం మాట వచ్చినప్పుడు పాస్టర్ బయటికి పోవడం ఆనవాయితీ. ప్రేమ్‌రాజ్ లేచి గుడి వెనక నల్లా దగ్గరికి పోయి నిలబడ్డాడు. జీతం పదిహేడు వేలు, గుడి వెనక రెండు గదుల ఇల్లు. కూతురు ప్రీతి ఇంటర్‌లో చేరింది. కాలేజీ ఫీజు రెండో కంతు నెలాఖరుకు కట్టాలి. నగరం అవతలి ఒక సంఘం వాళ్లు ఇరవై నాలుగు వేలిస్తాం రమ్మని కబురు పెట్టారు. ఆ మాట అతను కమిటీ చెవిన వేశాడు. బెదిరింపుగా కాదు. తనకు తాను అలాగే చెప్పుకున్నాడు.

కిటికీలోంచి గొంతులు వినబడుతున్నాయి, మాటలు వినబడటం లేదు. ఒకసారి ఎవరో నవ్వారు. అరగంటకు పిలిచారు.

సెక్రటరీ రామ్‌చందర్ సర్కారు నౌకరీ చేసి రిటైరైన మనిషి. ఆదివారం తప్పకుండా ఇస్త్రీ చొక్కా వేస్తాడు, చందా ఒక్క నెల బాకీ పెట్టడు. "ముబారక్ అయ్యగారు! నాలుగు వేల ఐదొందలు పెంచినం. ఇరవై ఒకటిన్నర. మీరు గింక ఎక్కడికీ పోవుడు లేదు" అంటూ మినిట్స్ పుస్తకం తిప్పి ముందుకు జరిపాడు. "అధ్యక్షుని సంతకం."

ప్రేమ్‌రాజ్‌కు గుండె తేలికైంది. పెన్ను మూత తీశాడు. మొదటి తీర్మానం తన జీతం. దాని కింద రెండోది: బైబిల్ స్త్రీ కాశమ్మ గారి గౌరవ వేతనం నెలకు నాలుగు వేల ఐదు వందలు, వచ్చే నెల నుండి నిలుపుదల చేయడమైనది.

"ఇదేంది సార్?"

"మరి యాడికెల్లి తెస్తమయ్యగారు?" రామ్‌చందర్ కళ్లజోడు తీసి తుడిచాడు. "మొన్నటిదాక నూట నలభై ఇండ్లు చందా కట్టేది. యాభైకి పైన ఇండ్లోళ్లు జల్‌పల్లి దిక్కు ప్లాట్లు కొనుక్కొని పాయిరి. ఆడనే చర్చిలు పెట్టుకున్నరు. ఇయ్యాల ఎనభై ఆరు ఇండ్లు. మీకు పెంచకపోతే మీరు పోతరు. మీరు పోతే కొత్తాయన ముప్పై అడుగుతడు."

"కాశమ్మక్క ఎట్ల బతకాలె?"

"ఒక్క పానం. ఎట్లనో గడుస్తది. ఇంకోటి చెప్పాల్నా? జీతం ఆపితే ఆమె పని ఆపుతదనుకుంటున్నరా? ఆపదు. ఆమెది సేవ. జీతం కోసం చేసే మనిషి కాదామె. మీకు తెల్వదా?"

కమిటీలో ఏడుగురూ తలలూపారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆలోచిద్దాం సార్ అనవచ్చు. పుస్తకం మూసి, వచ్చే వారం చూద్దాం అనవచ్చు. రామ్‌చందర్ వేలు కాగితం అడుగున ఖాళీ గీత మీద ఉంది. ప్రేమ్‌రాజ్ సంతకం పెట్టాడు. అక్షరాలు ఎప్పటికన్నా చిన్నవిగా వచ్చాయి.

"ఆమెకు మీరే చెప్పుండ్రి. మీరైతే మంచిగ చెప్తరు" అన్నాడు రామ్‌చందర్.

ఇంట్లో భార్య షారోన్‌కు మొదటి తీర్మానమే చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకుని, ప్రీతి ఫీజు రసీదు దిండు కింద నుంచి తీసి చూసుకుంది. ఆ ముఖం చూశాక రెండోది చెప్పలేకపోయాడు.

శుక్రవారం చెబుదామనుకున్నాడు, కాశమ్మ ఒక బాలింత ఇంటికి పోయింది. శనివారం ఆమె తనే వచ్చింది. మర్నాడు ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆరాధన. నేల మీద పాత చీర పరిచి, చిన్న గాజు గ్లాసులన్నీ సబ్బునీళ్లలో ముంచి, వేలు పట్టనంత ఇరుకు అడుగుల్లోకి గుడ్డ మెలిపెట్టి తిప్పుతూ కూర్చుంది. ప్రేమ్‌రాజ్ పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

"కాశమ్మక్కా."

"ఆఁ అయ్యగారు."

"మీ రూం కిరాయి ఎంత?"

"రెండున్నర వేలు. కరెంటు సపరేటు. మంచి మనుషులు, ఒకటి రెండు రోజులు లేటైనా ఏమనరు." గ్లాసు వెలుగుకు ఎత్తిపట్టి చూసి, ఇంకా మరక ఉందని మళ్లీ ముంచింది. "ఎందుకడిగిన్రు?"

"ఊరికే."

ఆమె నవ్వింది. "బుచ్చక్కకు జొన్నగటక పల్చగ చేసి రెండు చెంచాలు పోసొచ్చిన. మింగింది అయ్యగారు! మూడు దినాలకు ఇయ్యాల మింగింది." ఆ సంతోషం మీద ఆ మాట ఎలా పెట్టడం? రేపు ఆరాధన అయ్యాక చెబుదామని లేచిపోయాడు.

అతను చెప్పేదాకా రామ్‌చందర్ ఆగలేదు. పాస్టర్ ఈపాటికి చెప్పే ఉంటాడని అనుకున్నాడు. ఆదివారం ప్రకటనల సమయంలో మైకు పట్టుకుని, పాస్టర్ గారి జీతం పెంచిన సంగతి చెప్పి చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు ఆగకముందే అన్నాడు: "అట్లనే, మన కాశమ్మ గారు ఇకమీదట ఏ వేతనం లేకుండ ప్రభువు సేవ కొనసాగిస్తరు. ఆమె త్యాగానికి కూడ గట్టిగ ఒక్కసారి!"

ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి. వెనక వరుసలో చాపల కట్ట పక్కన కూర్చున్న కాశమ్మ అందరూ తన వైపు తిరిగి చూస్తుంటే ఏం జరిగిందో తెలియక మొదట నవ్వింది. తర్వాత పక్కామెను ఏదో అడిగింది. పక్కామె చెవిలో చెప్పింది. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని తీసేయడం ఎలాగో తెలియనట్టు.

షారోన్ భర్త వైపు చూసింది. అతను పాటల పుస్తకంలోకి చూస్తున్నాడు.

అందరూ వెళ్లాక కాశమ్మ చాపలన్నీ దులిపి చుట్టింది. గ్లాసులు కడిగి బీరువాలో పెట్టింది. తాళంచెవి తెచ్చి ప్రేమ్‌రాజ్ ముందు బల్ల మీద పెట్టింది.

"అయ్యగారు, మీరు గూడ సంతకం పెట్టిన్రా?"

"పెట్టిన కాశమ్మక్కా. నేను మీకు ముందే చెప్పాలె అనుకున్న. మీరు..."

"మంచిగైంది. పాపకు ఫీజు కట్టాలె గదా" అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు. అయ్యుంటే అతనికి కొంచెం తేలికగా ఉండేది. చెప్పులు వేసుకుని, గుడి మెట్ల మీద ఒకసారి ఆగి, ఏదో మరిచిపోయినట్టు చేతులు చూసుకుని దిగిపోయింది.

మంగళవారం పొద్దున ఏడింటికి ఎల్లప్ప కొడుకు బబ్లూ ఆటో వేసుకుని గుడి దగ్గరికొచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, గేటు పట్టుకుని ఏడుస్తున్నాడు. "అమ్మ పోయింది అయ్యగారు. కాశమ్మత్త ఫోన్ ఎత్తుతలేదు. జర మీరు రాండ్రి."

కాశమ్మ గదికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ చెప్పింది: నిన్నటి నుంచి ఉస్మాన్‌గంజ్‌లో కూలికి పోతోందని, గుండయ్య సేటు మిరపకాయల గోదాములోనని. ప్రేమ్‌రాజ్ స్కూటర్ అటు తిప్పాడు.

గోదాము బయటే ఘాటు గొంతు పట్టుకుంది. దగ్గుతూ లోపలికి పోయాడు. కొండలా పోసిన ఎండుమిర్చి చుట్టూ పదిహేను మంది ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. అందరివీ కళ్లే కనబడుతున్నాయి. ఆ కళ్లలో కాశమ్మవి ఏవో పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. ఆమే ముందు గుర్తుపట్టి లేచింది.

"బుచ్చక్క పోయిందా?"

తలూపాడు. ఆమె ముక్కు గుడ్డ కిందికి లాగి, చేతిలో మిగిలిన నాలుగు కాయలు బుట్టలో వేసి గోడకు ఆనుకుంది.

"ఎప్పుడు?"

"తెల్లారంగ. నాలుగింటికి భూస్థాపన. మీరు రావాలె కాశమ్మక్కా. ఆ ఇంట్ల ఎవ్వరికీ చేతనైతలేదు. కోడలు భయపడి దగ్గరికి పోతలేదు."

గల్లా దగ్గర కూర్చున్న గుండయ్య విన్నాడు. నుదుట విభూతి, ముందు చాయ్ గ్లాసు. "చావు కాడ నేను అడ్డం రానమ్మా, పోతె పో. పొద్దుగాలటి పూట కూలి నీకోసం పక్కకు పెడ్త" అన్నాడు.

కాశమ్మ వెంటనే బయలుదేరుతుందనే ప్రేమ్‌రాజ్ అనుకున్నాడు. స్కూటర్ తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఆమె కదల్లేదు. రెండు చేతులూ అతని ముందు చాచింది. వేళ్ల సందులన్నీ ఎర్రగా పొంగి ఉన్నాయి.

"గీ చేతులతోని ఆమె పుండ్లు ఎట్ల ముట్టుకోవాలె? నిన్న రాత్రి నూనె రాసి, పెరుగు రాసి పండుకున్న. మంట పోలే. చచ్చినామెకు మంటేంది అంటరేమో. నా మనసు ఒప్పదు అయ్యగారు."

"షారోన్ చేతులకు తొడుగులు తెస్తది. మీరు పక్కన నిలబడి చెప్పినా చాలు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇయ్యాల వస్తె రేపు గూడ వస్త. నా సంగతి నాకు తెలుసు. రామ్‌చందర్ సారుకు గూడ తెలుసు. కిరాయి యాడికెల్లి కట్టాలె?"

ప్రేమ్‌రాజ్ స్కూటర్ తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు. కాశమ్మే మళ్లీ మొదలుపెట్టింది, ఆపి ఆపి: "అమ్మగారికి చెప్పుండ్రి. నీళ్లు గోరువెచ్చగ పెట్టాలె. పుండు కాడ రుద్దొద్దు, అద్దాలె. ఎడమ చెయ్యి బిర్రుగుంటది, భుజం కాడ పట్టి మెల్లగ వంచితే వంగుతది, గుంజొద్దు. దవడ కట్టాలె, ఇప్పటికే ఆలస్యమైంది. జడ వెయ్యమనుండ్రి. బుచ్చక్కకు ఇరబోసుకుంటే నచ్చదు." కళ్లలోంచి ధారగా కారుతోంది. వేళ్లతో తుడుచుకోలేక మోచేయి పైభాగంతో తుడుచుకుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పోయి తన చోట కూర్చుంది.

షారోన్ ఎన్నడూ శవాన్ని ముట్టుకోలేదు. సొంత తల్లి పోయినప్పుడు కూడా కాశమ్మే చేసింది. భర్త చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా రెండుసార్లు చెప్పించుకుంది. ఎల్లప్ప ఇంటి ముందు చెప్పులు విడిచి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. ప్రేమ్‌రాజ్ సందులో మగవాళ్లతో కూర్చున్నాడు. లోపల చెంబు చప్పుడు, నీళ్ల చప్పుడు. మధ్యలో ఒకసారి షారోన్ పెద్దగా ఏడ్చింది, మళ్లీ నీళ్ల చప్పుడు. గంటంబావుకు తలుపు తెరుచుకుంది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి, చీర మోకాళ్లదాకా తడిసి ఉంది.

"గీ పని ఆమె నాలుగు వేల ఐదొందలకు చేసిందా?" అంది మెల్లగా. "ఆ నాలుగు వేల ఐదొందలేనా మనకు పెంచింది?"

బుచ్చమ్మ పెట్టెలో చక్కగా ఉంది. జడ మాత్రం వంకరగా వచ్చింది.

భూస్థాపన అయి అందరూ తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. ప్రేమ్‌రాజ్ ఇంటికి పోయి ఫీజుకు దాచిన డబ్బులోంచి నాలుగు వేల ఐదు వందలు కవరులో పెట్టుకుని మళ్లీ ఎల్లప్ప ఇంటికి వచ్చాడు. అనుకున్నట్టే కాశమ్మ అక్కడుంది. స్నానం చేసి, తెల్ల చీర కట్టుకుని, ఖాళీ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఎల్లప్ప పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదట. ఆమె పెరుగన్నం గిన్నెలో చెంచా పెట్టి అతని చేతికి అందిస్తోంది. చేత్తో కలపలేదు.

లేచి బయటికొచ్చినప్పుడు ప్రేమ్‌రాజ్ కవరు చాచాడు. "కాశమ్మక్కా, ఇది మీది. ఇక నుంచి నెల నెలా నేనే ఇస్త. కమిటీకి సంబంధం లేదు. మీరు ఆ గోదాముకు పోవద్దు."

కాశమ్మ కవరు వంక చూసింది, తీసుకోలేదు.

"వద్దు అయ్యగారు. మీరిస్తే మీ పాప నోటికాడిది గుంజుకున్నట్టు. సంఘమిస్తే తీసుకుంటుంటి." కొంగు సర్దుకుంది. "ఇంకోటి చెప్తా, కోపం చెయ్యొద్దు. ఆడ పని మస్తు కష్టం. కండ్లు మండుతయి, నడుము పోతది. కానీ పొద్దూకంగనే సేటు మూడొందల యాభై చేతిల పెడ్తడు. ఎవ్వరూ సేవ అనరు. పని అంటరు. చప్పట్లు కొట్టరు." షేర్ ఆటో కోసం సందు మొదటి వైపు చూసింది. "ఆదివారం ఆ చప్పట్లు కొట్టకుంటే బాగుండు."

షేర్ ఆటో ఆగితే ఎక్కి వెళ్లిపోయింది.

కవరుతో ఇంటికి వచ్చిన భర్తను చూసి షారోన్ అడిగింది, "తీసుకోలేదా?"

"లేదు."

ఆమె తడి జుట్టు ఆరబెట్టుకుంటోంది. చేతులు ఇంకా వాసన చూసుకుంటోంది, మూడుసార్లు సబ్బు పెట్టినా. "తీసుకోదని తెలిసే ఇచ్చిన్రా?"

ప్రేమ్‌రాజ్ కవరును బీరువాలో, తీసిన చోటే పెట్టాడు.

ప్రీతి ఫీజు గడువుకు రెండు రోజుల ముందే కట్టారు. ప్రీతి ఫీజు గడువుకు రెండు రోజుల ముందే కట్టారు. కాశమ్మ ఆదివారాలు వస్తూనే ఉంది. అందరిలాగే నడిమి వరుసలో కూర్చుని, ఆశీర్వాదం కాగానే అందరిలాగే లేచి పోతోంది. చాపలు ఎవరు చుడుతున్నారన్నది ఆమె వెనక్కి తిరిగి చూడటం లేదు.

ధూల్‌పేట్ సందుల్లో గణపతి విగ్రహాలకు రంగులేస్తున్న రోజుల్లో, సంఘంలో ఇంకో ముసలామె పోయింది. కబురు తెచ్చిన మనిషి కాశమ్మ పేరెత్తలేదు. గేటు దగ్గర నిలబడి, "పాస్టరమ్మ ఉన్నరా? రామ్‌చందర్ సారు అమ్మగారిని తోల్కపొమ్మన్నడు" అన్నాడు.

షారోన్ రొట్టెలు చేస్తోంది. పొయ్యి ఆపి, పిండి చేతులు కడుక్కుంది. సబ్బు, రెండు తువ్వాళ్లు, పాత చీర ముక్కలు సంచిలో పెట్టుకుంది. దవడ కట్టే బట్ట మరిచిపోయి, గుమ్మం దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయి తీసుకుంది. ప్రేమ్‌రాజ్ చొక్కా వేసుకుని లేచాడు.

"మీరొచ్చి ఇప్పుడేం చేస్తరు? అయినంక ఫోన్ చేస్త, అప్పుడు రాండ్రి" అని ఆమె ఆ మనిషి వెంట నడిచింది.

ఆ నెల కమిటీ కూర్చున్నప్పుడు చందాల లెక్క చదివారు, గుడి వెనక గోడకు సున్నం మాట వచ్చింది, కరెంటు బిల్లు మాట వచ్చింది. ఇప్పుడు చావు ఇళ్లకు పోతున్న షారోన్‌కు ఏమివ్వాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న ప్రేమ్‌రాజ్ రెండుసార్లు నోరు తెరిచాడు. రామ్‌చందర్ పుస్తకం అతని ముందుకు జరిపి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టాడు.